ఖాళీగా కనిపించే హాలుకి తొమ్మిది లక్షలా?

ప్రశ్న: పోరంకిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం, మూడో అంతస్తు. శ్రావణంలో గృహప్రవేశం. నా జీతం 85,000, హోమ్ లోన్ ఈఎంఐ 38,000, ఇప్పటి అద్దె 14,000. ఇంటీరియర్ వాళ్లు మినిమలిస్ట్ డిజైన్ అని 9 లక్షల కొటేషన్ ఇచ్చారు. 4 లక్షల ఎఫ్‌డీ తీసి, మిగతా 5 లక్షలకు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాం. అద్దె మిగులుతుంది కదా, సరిపోతుందా? మా ఆవిడ 2 లక్షల చీటీ డిసెంబరులో అయిపోతుంది.

జవాబు: ముందు లోన్ సంగతి. 14 శాతం వడ్డీకి అయిదేళ్లయితే ఈఎంఐ సుమారు 11,630. మొత్తం మీద వడ్డీయే దాదాపు 1,98,000. అద్దె 14,000 మిగులుతుందన్నారు గానీ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, ఇంటి పన్ను మరిచిపోయారు. నెలకు 3,000 వాటికి పోతే చేతిలో ఉండేది 11,000. కొత్త ఈఎంఐకే చాలదు. పైగా ఎఫ్‌డీ ఖాళీ అయ్యాక ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే మళ్లీ అప్పే.

ఇక మీరు పంపిన కొటేషన్. ఫాల్స్ సీలింగ్ 1,40,000, టీవీ యూనిట్, గోడ ప్యానెల్ 1,25,000, కిచెన్ 2,60,000, రెండు వార్డ్‌రోబ్‌లు 2,40,000, క్రాకరీ యూనిట్, పూజ యూనిట్ 95,000, లైట్లు, పాయింట్లు 40,000. మినిమలిస్ట్ అంటే సామాను తక్కువ ఉండాలి. ఇందులో సగానికి పైగా సామాను దాచే పెట్టెలే! పెళ్లిలో వచ్చిన స్టీలు గిన్నెలు, ఎవరూ వాడని డిన్నర్ సెట్లు, పాత పరుపులు అటక మీద నుంచి దించి, అక్కర్లేనివి ఇచ్చేయండి. క్రాకరీ యూనిట్ ఎవరి కోసమో అప్పుడు తెలుస్తుంది. సీలింగ్, ప్యానెల్ అయితే నేను పూర్తిగా కొట్టేస్తాను. రేపు ఫ్లాట్ అమ్మినా కొనేవాళ్లు అడిగేది ఏరియా, చదరపు అడుగులు, కారు పార్కింగ్. మీ టీవీ వెనక గోడకు ఎవరూ లక్ష ఎక్కువ ఇవ్వరు. తెల్ల గోడ, ఒక దివాను, మంచి ఫ్యాను చాలు. విజయవాడ మే నెలలో ఏ డిజైన్ కన్నా ఆ ఫ్యానే నయం.

గృహప్రవేశానికి ముందు రెండే పనులు చేయించండి. కరెంటు పాయింట్లు, లైట్లు ఇప్పుడే; రంగులు వేశాక గోడ పగలగొడితే ఖర్చు రెండింతలు. రెండోది కిచెన్, అదీ టాల్ యూనిట్ (నేల నుంచి పైదాకా ఉండే అల్మారా), పై గాజు తలుపులు తీసేసి 1,80,000లో. మొత్తం 2,20,000 ఎఫ్‌డీ నుంచి తీయండి, మిగిలిన 1,80,000 ముట్టుకోవద్దు. మెయింటెనెన్సు పోగా మిగిలే అద్దె డబ్బులో నెలకు 10,000 ఆర్డీ కట్టండి, ఏడాదికి 1,20,000 వెనక్కి వస్తుంది. ఇప్పుడున్న బీరువాలే తీసుకెళ్లండి. వార్డ్‌రోబ్‌లు డిసెంబరులో, చీటీ 2 లక్షల్లో వచ్చినంతే. అప్పటికి ఏ గదిలో ఏం కావాలో మీకే తెలుస్తుంది. తొందరపడి ఇప్పుడే పాటలో తగ్గించి చీటీ ఎత్తుకోవద్దు.

కిచెన్‌లో మాత్రం కక్కుర్తి పడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చాయి కదా, నీళ్లలో నానిన పార్టికల్ బోర్డు (చెక్క పొట్టు అదిమి చేసే చవక చెక్క) ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది. మీకు వరద భయం లేకపోయినా సింక్ కింద పైపు కారితే చాలు, అదే గతి. సింక్ దగ్గరైనా ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే ప్లైవుడ్ వాడమని కొటేషన్‌లో రాయించండి, షీటు మీద ముద్ర మీరే చూసుకోండి.

మరొకటి అడగండి: ఈ 9 లక్షల్లో జీఎస్టీ కలిసిందా? కలవకపోతే 18 శాతం చొప్పున ఇంకో 1,62,000. సగం డబ్బు అడ్వాన్సుగా అడిగితే ఒప్పుకోకండి. ప్లైవుడ్ ఇంటికి దిగాక కొంత, తలుపులు బిగించాక కొంత, చివరి పదిశాతం సొరుగులన్నీ సరిగ్గా మూసుకుంటున్నాయని మీ ఆవిడ చూశాక ఇవ్వండి.