టెక్ సందేహాలు: టైర్లు మార్చాక మీటర్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: నా స్విఫ్ట్‌కి 185/65 ఆర్15 టైర్లు ఉండేవి. పోయిన నెల అల్లాయ్ వీల్స్‌తో పాటు 205/60 ఆర్16 వేయించాను. ఇప్పుడు స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందని, మూడు వేలు ఇస్తే సరిచేస్తామని షాపు వాళ్లు అంటున్నారు. చేయించమంటారా?
– మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ఆ మూడు వేలు ఇప్పటికి జేబులోనే ఉంచండి.

కారుకు రోడ్డు కనపడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో సెన్సర్ చెబుతుంది, ఒక్కో చుట్టుకు ఇంత దూరం అని కంపెనీ ముందే పెట్టిన లెక్కతో మీటర్ వేగం చూపిస్తుంది. మీ పాత టైరు 185 మి.మీ. వెడల్పు, అందులో 65 శాతం అంటే 120.25 మి.మీ. ఎత్తు. పైనా కిందా కలిపి 240.5, దానికి 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే మొత్తం 621.5 మి.మీ. అదే లెక్కన కొత్తది 652.4. అంటే 5 శాతం పెద్దది. ఇదివరకు 80 వేగంతో వెళ్లినప్పుడు తిరిగే చుట్లకే ఇప్పుడు 84 వెళుతున్నారు.

అయితే మీ మీటర్ ఇదివరకు మాత్రం నిజం చెప్పిందా? ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ మాత్రం చూపొచ్చు, 10 శాతం మీద ఇంకో 4 కి.మీ. దాకా. అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలాగే పెడతాయి. పాత టైర్లతో మీటర్ 80 అన్నప్పుడు మీరు 76లో ఉండి ఉంటే, ఇప్పుడు అదే 80కి దాదాపు 80లోనే ఉన్నారు. తప్పూ తప్పూ కలిసి ఒప్పయిందన్నమాట!

ఇది తేల్చుకోవడానికి షాపు అక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్ల రోడ్డెక్కి, 80 దగ్గర అర నిమిషం నిలకడగా నడపండి. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ చూపే వేగాన్ని పక్క సీట్లో వాళ్లు చదవాలి, మీరు కాదు. అరకు ఘాట్‌లో మాత్రం ఈ పరీక్ష వద్దు, మలుపుల్లో వేగమూ నిలవదు, జీపీఎస్సూ తడబడుతుంది. ఫోన్ 80కి మించకపోతే మీటర్ జోలికి వెళ్లకండి.

మించితే మాత్రం సంగతి వేరు. కొన్ని మోడళ్లలో షోరూమ్ స్కానర్‌తో టైరు సైజు మార్చుకునే వీలుంటుంది, ముందు అక్కడ అడగండి. మీటర్ అంకె మార్చడానికి బయట షాపుల్లో వైర్లు కత్తిరించి పెట్టే డబ్బాలు నాకు నచ్చవు. ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, కూడా ఆ చక్రాల సెన్సర్ల మీదే ఆధారపడుతుంది. నన్నడిగితే రిమ్ములు ఉంచుకుని 195/55 ఆర్16కి మారడం మేలు. దాని వ్యాసం 620.9, పాతదానితో తేడా మిల్లీమీటరు కూడా లేదు. షాపు వాళ్లు మొదటే చెప్పాల్సిన మాట ఇది.

అసలు తేడా తిరిగిన కిలోమీటర్లు లెక్కపెట్టే ఓడోమీటర్‌లో వస్తుంది. అది 500 అన్నప్పుడు మీరు 525 కి.మీ. తిరిగారు. 25 లీటర్లు పోయిస్తే మైలేజీ 20 అని బెంగపడతారు గానీ నిజానికి 21. సర్వీసు కూడా కాస్త ముందే చేయించాలి. ఇంకో మాట, స్టెప్నీ ఇంకా పాత సైజే కదా? పంక్చరైతే దాంతో దగ్గరి షాపు దాకా మెల్లగా వెళ్లండి, అంతే. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంటోందేమో కూడా చూడండి.

ప్రశ్న: ఓబీడీ డాంగుల్ పెట్టుకుంటే అసలు వేగం తెలుస్తుందా?
– గాజువాక

జవాబు: తెలియదు. కారు ఓబీడీ సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కు సమాచారం పంపే ఆ చిన్న డాంగుల్ చదివేది కారు కంప్యూటర్ చెప్పే అంకెనే, దానికీ టైరు మారిన సంగతి తెలియదు. కొన్ని యాప్‌లలో శాతం సరిచేసుకోవచ్చు గానీ మారేది ఫోన్ తెర మీది అంకే, డ్యాష్‌బోర్డు మీదిది కాదు.