మూడు లక్షలకు రాజీ పడమంటున్నారు, పడవచ్చా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా ఆయన తాపీ మేస్త్రీ, వయసు 34. నాలుగు నెలల క్రితం బండి మీద ఇంటికి వస్తుంటే చిట్యాల దగ్గర హైవే మీద డీసీఎం వ్యాను గుద్దింది. కుడి తొడ ఎముక, మోకాలు విరిగి రాడ్లు వేశారు. ఆస్పత్రికి 4.80 లక్షలు అయితే, అందులో 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. ప్రస్తుతం జడ్చర్లలో మా అమ్మగారింట్లో ఉంటున్నాం. డీసీఎం ఓనరు తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, 3 లక్షలు ఇప్పిస్తాను, రాజీ పడండి అంటున్నాడు. తీసుకోమంటారా? కోర్టుకు వెళితే ఎంత రావచ్చు?

జవాబు: రాజీ కాగితం మీద ఇప్పుడు సంతకం చేయకండి. వాళ్లు ఇస్తామంటున్న 3 లక్షలు మీ ఆస్పత్రి బిల్లుకే చాలవు. పైగా మీకు రావలసిన పరిహారంలో ఆ బిల్లు ఒక భాగం మాత్రమే. ప్రమాదం జరగకపోయి ఉంటే మీవారు మిగిలిన పనికాలమంతా ఎంత సంపాదించేవారు, ఈ కాలితో అందులో ఎంత పోయింది అన్నదే ఇలాంటి కేసులు విచారించే కోర్టు, అంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, ప్రధానంగా లెక్క కడుతుంది.

ఆ లెక్క ఇలా సాగుతుంది. మీవారి ఆదాయం నెలకు 15,000 రూపాయలని రుజువైందనుకుందాం, ఏడాదికి 1,80,000. సొంతంగా పని చేసుకునేవారి వయసు 40 లోపు ఉంటే, ముందుముందు పెరగబోయే కూలిని దృష్టిలో పెట్టుకుని దానికి 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. శాశ్వత వైకల్యం మిగిలిన కేసులకూ అది వర్తిస్తుందని 2020లో స్పష్టం చేసింది. అలా కలిపితే 2,52,000 అవుతుంది. సంపాదన శక్తి 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ నిర్ణయిస్తే ఏడాదికి నష్టం 75,600. ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఎన్నిరెట్లు చేయాలో చెప్పే అంకెను గుణకం అంటారు; 31 నుంచి 35 ఏళ్లవారికి సుప్రీంకోర్టు సరళా వర్మ కేసు తీర్పు (2009) ఖరారు చేసిన గుణకం 16 కాబట్టి, ఈ ఒక్క పద్దు కిందే 12,09,600 రూపాయలు వస్తాయి. దీనికి ఆస్పత్రి, మందుల బిల్లులు, పనికి పోలేని నెలల కూలి, రానుపోను ఖర్చులు, బలమైన తిండికి, దగ్గరుండి చూసుకున్నవారికి అయిన ఖర్చు, రాడ్లు తీయించే ఆపరేషన్ ఖర్చు, అనుభవించిన నొప్పికి కొంత మొత్తం కలుస్తాయి. ప్రమాదంలో మీవారి తప్పు కూడా ఉందని తేలితే మాత్రం ఆ మేరకు కోత పడుతుంది.

ఇందులో మీ చేతిలో ఉన్నవి రెండు అంకెలు: ఆదాయం, వైకల్యం. ఆదాయానికి ఆధారం లేదని ట్రిబ్యునల్ నెలకు 10,000 మాత్రమే లెక్కలోకి తీసుకుంటే పై పద్దు 8,06,400కు పడిపోతుంది. అంటే కాగితాలు లేనందుకు నాలుగు లక్షలకు పైగా నష్టం. మేస్త్రీలకు జీతం చీటీ ఉండదు, నిజమే. అయితే గుత్తేదారు ఫోన్‌పేలో వేసిన డబ్బులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడతాయి, పని లెక్క రాసుకున్న డైరీ ఉంటుంది, ఇల్లు కట్టించుకున్న యజమాని వచ్చి సాక్ష్యం చెప్పవచ్చు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఇచ్చిన లేబర్ కార్డు ఉంటే వృత్తికి అదే మంచి రుజువు. ఆ మండలి నుంచి ప్రమాద సాయం విడిగా అందే అవకాశం కూడా ఉంది కనుక కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి.

ఇక వైకల్యం. డాక్టరు రాసే శాతం వేరు, సంపాదనలో పడే దెబ్బ వేరు అని సుప్రీంకోర్టు 2011లో విడమరచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకు దాదాపు బతుకుతెరువే పోవచ్చునని, గుమాస్తాకు అదే చెయ్యి పోయినా ఉద్యోగం సాగవచ్చునని ఉదాహరణ కూడా ఇచ్చింది. మీవారు పరంజా ఎక్కాలి, ఇటుకల బరువు మోయాలి, మోకాలు మడిచి కింద కూర్చుని బండలు పరచాలి. మోకాలు ఎంతవరకు వంగుతోంది, నిచ్చెన ఎక్కగలరా లేదా అన్న వివరాలను సర్టిఫికెట్‌లో రాయమని డాక్టరును కోరండి, ఆ డాక్టరు చేత ట్రిబ్యునల్ ముందు సాక్ష్యం చెప్పించమని మీ వకీలును అడగండి. ఎముక పూర్తిగా అతికి, ఇక ఇంతకంటే మెరుగుపడదని తేలాకే వైకల్యాన్ని సరిగ్గా కొలవగలరు. నాలుగో నెలలోనే రాజీకి వచ్చేవారి తొందర అక్కడిదేనని నా అనుమానం.

అలాగని కాలు కుదురుకునేదాకా కేసు వేయకుండా ఆగకూడదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. దీన్ని సవాలు చేసినవారు ఉన్నారు గానీ, ఆ వివాదాన్ని నమ్ముకుని మీకు మిగిలిన రెండు నెలలు పోగొట్టుకోకండి. వైకల్య సర్టిఫికెట్‌ను విచారణలో తర్వాత దాఖలు చేయవచ్చు. ప్రమాదం జరిగిన నల్లగొండ జిల్లాలోనే కాక, ప్రస్తుతం మీరు నివసిస్తున్న మహబూబ్‌నగర్ జిల్లాలోనూ పిటిషన్ వేసే వీలును చట్టం ఇచ్చింది. కుంటికాలితో ప్రతి వాయిదాకూ అంత దూరం తిరగనక్కరలేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పరిహారంగా వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు అని వకీలు ముందే రాయించుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం, అయినా అడిగేవారు అడుగుతూనే ఉంటారు.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే డబ్బు త్వరగా చేతికందుతుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు. అందుకే డీసీఎం బీమా కంపెనీ అక్కడ ఒక మొత్తం చెప్పినా, పైన చూపిన లెక్క మీ దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

మిమ్మల్ని ఆ 3 లక్షల వైపు నెడుతున్నది అప్పేనని తెలుస్తూనే ఉంది. 4 లక్షలకు నెలకు 8,000, ఏడాదికి 96,000 వడ్డీ. పరిహారం మీద ట్రిబ్యునల్ పిటిషన్ తేదీ నుంచి వడ్డీ ఇస్తుంది గానీ, అది మామూలుగా ఏడాదికి 6 నుంచి 9 శాతమే; మీరు కడుతున్నది 24 శాతం. కాబట్టి కేసు నడిచే కాలంలో ఈ అప్పును చవక అప్పుగా మార్చుకోవడం ముఖ్యం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టండి, వడ్డీ సుమారు సగానికి తగ్గుతుంది. మహిళా సంఘంలో సభ్యులైతే బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రుణాల కోసం అడగండి. మొత్తం తీరకపోయినా సగం అప్పు మారితే ఊపిరి ఆడుతుంది.

పరిహారం వచ్చాక ముందు ఆ అప్పు తీర్చండి, రాడ్లు తీయించడానికి కావలసింది సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. కొంత భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయమని ట్రిబ్యునలే ఆదేశిస్తే అది మీ మేలుకే. చేతికి వచ్చిన మిగతా దానిలో 6 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేస్తే, 7.4 శాతం వడ్డీ లెక్కన నెలకు 3,700 వస్తాయి. హైవే పక్కన వెంచర్‌లో ప్లాటు కొనమని చెప్పేవారు ఆ రోజుల్లో తప్పక వస్తారు. మీవారు మళ్లీ పనిలో కుదురుకుని, నెల ఖర్చులు సంపాదనతో గడిచేదాకా వారికి మాట ఇవ్వకండి.