అక్వేరియానికి ఎండ కావాలా, లైటు చాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. హాల్లో దక్షిణం కిటికీ పక్కన రెండడుగుల అక్వేరియం ఉంది, అందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లు. వేసవంతా నీళ్లు తేటగానే ఉన్నాయి. దసరా వెళ్లినప్పటి నుంచి పచ్చగా చిక్కబడిపోతున్నాయి, చేపలు కూడా కనబడటం లేదు. వారానికి రెండుసార్లు నీళ్లన్నీ పారబోసి మారుస్తున్నా మళ్లీ అదే వరస. కిటికీ దగ్గర నుంచి తీసేద్దామంటే, ఎండ తగలకపోతే చేపలు బతకవని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ అత్తగారు చెరువుల్ని చూసి పెరిగిన మనిషి అయ్యుంటారు, చెరువు విషయంలో ఆవిడ మాట నిజమే. కానీ చెరువులో పైన ఎండ మండిపోతున్నా అడుగున చల్లగా ఉంటుంది, చేప కిందికి దిగిపోతుంది. మీ తొట్టిలో పట్టేది మహా అయితే యాభై అయిదు లీటర్లు, రెండు మూడు గంటలు నేరుగా ఎండ పడితే మొత్తం వేడెక్కుతుంది, చేప పోవడానికి ఇంకో చోటే లేదు. చేపలకు పగలూ రాత్రీ తేడా తెలిసేంత వెలుతురు మాత్రం తప్పకుండా కావాలి, ఎప్పుడూ చీకట్లో ఉంచితే గోల్డ్ ఫిష్ రంగు వెలిసిపోతుంది కూడా. ఆ వెలుతురు ట్యూబ్‌లైటు నుంచి వచ్చినా వాటికి సరిపోతుందని అత్తగారికి చెప్పండి.

ఇక వేసవిలో లేనిది ఇప్పుడెందుకు వచ్చిందంటే, సూర్యుడు జరిగాడు. అరసవల్లిలో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి కదా, ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి సూర్యుడు అదే దారిలోకి వస్తాడు కాబట్టే అలా జరుగుతుంది. మీ కిటికీ లెక్కా అంతే. మనం ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినో, కాస్త ఉత్తరానికో ఉంటాడు, దక్షిణం కిటికీలోకి ఎండే రాదు. దసరా నాటికి దక్షిణానికి వాలిపోతాడు, డిసెంబరులో అయితే మధ్యాహ్నం కూడా 48 డిగ్రీల ఎత్తులోనే ఉండి ఎండని ఏటవాలుగా హాల్లోకి పంపిస్తాడు. కాబట్టి ఏ కిటికీ అయినా ఒక్క నెల చూసి ఇక్కడ ఎండ రాదులే అనుకోవద్దు. పడమటి కిటికీ అయితే అసలు వద్దు, వేసవి సాయంత్రం ఎండ నేరుగా అద్దం మీదే పడుతుంది.

ఆ పచ్చదనం నీళ్లలో తేలే సన్నటి నాచు. ఎండ, చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేత, ఈ మూడూ దొరికితే చాలు. నీళ్లన్నీ పారబోసినా అద్దానికి, గులకరాళ్లకు అంటుకున్నది కాస్త చాలు, మళ్లీ మొదలవుతుంది. పైగా ఒక్కసారిగా అన్నీ కొత్త నీళ్లయితే చేపలకు ఇబ్బంది, ఫిల్టరులో ఉండే మంచి బాక్టీరియాకూ దెబ్బ. తొట్టిని లోపలి గోడవైపు మార్చండి, కుదరకపోతే కిటికీ వైపు అద్దానికి నల్ల చార్టు అంటించండి. తర్వాత లైటు ఆపి, మందపాటి దుప్పటి చుట్టి మూడు నాలుగు రోజులు చీకటిగా ఉంచండి. మేత ఆపేసినా పెద్ద చేపలకు ఏమీ కాదు. ఎయిర్ పంపు మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి, చచ్చే నాచు కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్ తినేస్తుంది. ఆ తర్వాత క్లోరిన్ తీసిన నీళ్లతో మూడోవంతు మార్చండి.

ఒక మాట అడగకపోయినా చెప్పాలి. యాభై అయిదు లీటర్లకు నాలుగు గోల్డ్ ఫిష్‌లు చాలా ఎక్కువ. లీటరు నీళ్లలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. మన వేసవిలో కరెంటు పోయి పంపు ఆగితే ముందు పోయేవి అవే.

ప్రశ్న: విజయనగరంలో ఉంటాం. షాపులో నీలం, ఎరుపు రంగులు మారే లైటు ఇచ్చారు, పిల్లలకు ఇష్టమని రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు కుళ్లిపోతున్నాయి. లైటు మార్చాలా?

జవాబు: మార్చండి, కానీ ముందు మొక్కల్ని పైకి తీసి చూడండి. ఈ రెండింటికీ ఆకులు వచ్చే చోట అల్లం కొమ్ములా అడ్డంగా ఒక లావుపాటి కాండం ఉంటుంది, దాన్ని ఇసుకలో పాతేస్తే ఏ లైటు పెట్టినా కుళ్లుతుంది. మెత్తబడిన భాగం కోసేసి, మిగిలినది రాయికో కొయ్యముక్కకో దారంతో కట్టి పెట్టండి.

లైటు సంగతికొస్తే, రంగులు మార్చే ఆ లైట్లు చాలావరకు అలంకారానికే, మొక్కలకు సరిపడా వెలుగు ఇవ్వవు. మామూలు తెల్ల ఎల్ఈడీ, అట్ట మీద 6500 కెల్విన్ అనో కూల్ డేలైట్ అనో ఉన్నది తీసుకోండి. రెండడుగుల తొట్టికి పది వాట్లది ఈ మొక్కలకు చాలు. రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, నాచు పట్టకపోతే ఎనిమిదికి పెంచండి. చిన్న టైమరు కొని మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిదికి పెట్టుకుంటే పిల్లలు స్కూలు నుంచి వచ్చాక చూసుకోవచ్చు. రాత్రంతా లైటు మాత్రం దయచేసి వద్దు. చేపకు రెప్పలు లేవు, కళ్లు మూసుకోలేదు, చీకటి మనమే ఇవ్వాలి. వైరు కూడా ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి, నీటి చుక్క జారినా నేలమీద పడుతుంది, సాకెట్టులోకి పోదు.

ప్రశ్న: పలాస నుంచి రాస్తున్నాను. మా ఏంజెల్ ఫిష్ పగలంతా ఒక పక్కకి వాలి ఈదుతోంది, రాత్రి లైటు వేస్తే మామూలుగానే ఉంటోంది. జబ్బా?

జవాబు: టెన్షన్ పడకండి, మీరు చెప్పినదాన్ని బట్టి జబ్బు కాదు. చేప తన వీపును వెలుగు వైపు తిప్పుకుంటుంది, పక్క కిటికీ నుంచే వెలుగు వస్తే అటు వాలుతుంది. పగలు ఆ వైపు కర్టెన్ వేసి పైనుంచి లైటు వెయ్యండి. అప్పటికీ వాలుతూనే ఉంటే ఒకటి రెండు రోజులు మేత ఆపి, నీళ్లు పరీక్ష చేయించి, మళ్లీ రాయండి.