ఈతగాళ్ల ఆట ఇరవై ఏళ్లకే ముగుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. మా పొలం బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చుకున్నది. ఇప్పుడు నెల్లూరులో మా చెల్లెలి ఇంట ఉండి, కోచ్ దగ్గర సాధన చేస్తున్నది. ఈతలో ఇరవై దాటితే పనైపోయినట్టేనని, ఇంతవరకు జాతీయ పతకం రాలేదు కనుక మానిపించి చదువు మీద పెట్టమని బంధువులు అంటున్నారు. అంతర్జాతీయ స్థాయి వారి ఆట నిజంగా అంత త్వరగా ముగుస్తుందా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: మీ బంధువుల మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఏడు స్వర్ణాలు గెలిచిన అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ 22 ఏళ్లకే పోటీలు మానివేశారు. ఆనాటి అమెచ్యూర్ నిబంధనల కింద ఈత మీద సంపాదించుకొనే వీలు లేకపోవడంతో, చదువు ముగియగానే చాలామంది బతుకుతెరువు చూసుకోవలసి వచ్చేది. ఇప్పుడా పరిస్థితి లేదు.

స్వీడన్‌కు చెందిన సారా షోస్ట్రోమ్ 2008లో, 14 ఏళ్ల వయసులో, 100 మీటర్ల బటర్‌ఫ్లైలో (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత) యూరప్ విజేత అయింది. నాలుగేళ్ల తరువాత లండన్ ఒలింపిక్స్‌లో అదే పోటీలో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నది. ఒలింపిక్ స్వర్ణం 2016లో రియోలో గాని రాలేదు. 2021 ఫిబ్రవరిలో మంచు మీద జారి మోచేయి విరిగినా, ఆ వేసవిలోనే టోక్యోలో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో రజతం తెచ్చుకున్నది. ఆపై బటర్‌ఫ్లై పోటీలు తగ్గించుకొని ఫ్రీస్టైల్ స్ప్రింట్ల (పొట్టి దూరం పోటీల) మీద దృష్టి పెట్టి, 2024 పారిస్‌లో 30 ఏళ్ల వయసులో 50, 100 మీటర్లు రెండూ గెలిచింది. పొట్టి పోటీల వారికే ఇది చెల్లుతుందనడానికీ లేదు. అమెరికాకు చెందిన కేటీ లెడెకీ 800 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాన్ని 2012లో 15 ఏళ్లకు, మళ్లీ 2024లో 27 ఏళ్లకు గెలిచింది, నడుమ రెండు ఒలింపిక్స్‌లోనూ వదలలేదు.

మనవారిలో సాజన్ ప్రకాశ్ మెడ డిస్కు గాయం నుంచి కోలుకొని, 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదారు. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఎ’ ప్రమాణం అప్పట్లో 1 నిమిషం 56.48 సెకన్లు. ఆ ప్రమాణాన్ని అందుకొన్న తొలి భారతీయ స్విమ్మర్ అయ్యేనాటికి ఆయన వయసు 27.

పదమూడు, పదిహేను ఏళ్ల మధ్య ఆడపిల్లల శరీరం మారే కాలంలో టైమింగు కొన్నాళ్లు కదలకుండా ఉండిపోవడం సాధారణమే. దాన్ని చూసి ఆట అయిపోయిందనుకోవడం, లేదా సాధన రెట్టింపు చేయించి భుజాలు పాడు చేయడం, రెండూ తప్పే. బావిలో నేర్చుకున్నవారికి నీటి భయం ఉండదు గాని, తల పైకెత్తి ఈదే అలవాటు ఉంటుంది; తల లేస్తే నడుము కిందికి దిగి నీరు వెనక్కి లాగుతుంది. గోడను తన్ని మళ్లే టర్న్ కూడా బావి నేర్పదు. ప్రస్తుతం కోచ్‌ను పతకాల గురించి గాక, ఈ రెండింటి గురించి అడగండి.

నాకు భయమల్లా ఇంటర్మీడియట్ గురించే. మన జిల్లాలో పిల్లల ఆటకు గండం ఇరవయ్యో ఏట రాదు, పదో తరగతి ఫలితాలు వచ్చి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చిన నాడే వస్తుంది. అక్కడ తెల్లవారుజామున స్టడీ అవర్, గేటు దాటడానికి అనుమతి ఉండదు. కనుక ఉదయం సాధన చేసుకొని తరగతికి వచ్చే వీలున్న డే స్కాలర్ కాలేజీ నెల్లూరులో ఏదున్నదో, అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగానే విచారించి పెట్టుకోండి.