ర్యామ్ ఖాళీగా ఉన్నా మెమరీ చాలదంటే, చూడాల్సింది వేరే అంకె

8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెమరీ ఎంత పెట్టాలి, అసలు తీసేస్తే వేగం పెరుగుతుందా అని అడిగారు. పెరగదు. తీసేయకండి.

తీసేస్తే జరిగేది ఇదీ. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ 75 శాతమే వాడినట్టు ఉంటుంది. అయినా బ్రౌజర్ ట్యాబ్‌లు చచ్చిపోతాయి, పెద్ద ఫైల్ సేవ్ అవుతుండగా ప్రోగ్రామ్ మూసుకుపోతుంది. ర్యామ్ ఖాళీగానే ఉందిగా, ఇదేం గోల అనిపిస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కి, కింద ‘కమిటెడ్’ చూడండి: 7.6/7.8 జీబీ లాంటిది కనిపిస్తుంది, అంటే ప్రోగ్రామ్‌లకు ఇస్తానన్నది 7.6, మొత్తం ఇవ్వగలిగేది 7.8. ప్రోగ్రామ్‌లు ఇంకా వాడని మెమరీని కూడా ముందే అడిగి పెట్టుకుంటాయి. ఇస్తానన్న ప్రతి బైటుకూ విండోస్ ఎక్కడో ఒకచోట జాగా చూపించాలి. ఆ జాగా అంటే ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి. పేజ్ ఫైల్ అంటే ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కులో పెట్టుకునే ఫైల్; వర్చువల్ మెమరీ సెట్టింగ్‌లో మీరు మార్చేది దీని సైజే. పేజ్ ఫైల్ లేకపోతే, ఎవరూ ముట్టని ఆ హామీలకే ర్యామ్ లెక్క అయిపోతుంది.

‘పేజ్ ఫైల్ ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు’ అన్న పాత లెక్క ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ లెక్కన ర్యామ్ ఎక్కువున్న వాళ్లకే పేజ్ ఫైల్ ఎక్కువ రావాలి! అవసరం ఉన్నది తక్కువున్న వాళ్లకు కదా.

ఆటోమేటిక్‌గా వదిలేయడమే చాలామందికి మంచిది. చేత్తోనే పెట్టాలంటే, ఆటోమేటిక్‌లో ఉండగానే మీ బరువైన పనులన్నీ ఒకేసారి తెరిచి కమిటెడ్ ఎంతదాకా వెళ్లిందో చూడండి. 14 జీబీ అయితే, ర్యామ్ 8 తీసేయగా 6. ఇనీషియల్ 6144, మ్యాక్సిమమ్ ఇంకాస్త వెసులుబాటుతో 10240. అక్కడ అడిగేది ఎంబీల్లో. దారి: విండోస్ మీటతో ఆర్ నొక్కి ‘sysdm.cpl’ టైప్ చేయాలి, తర్వాత అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, ఛేంజ్. అంకెలు వేశాక ‘సెట్’ నొక్కకుండా ఓకే కొడితే అంతా వృథా, ఆ బటన్‌ను ఎవరు అలా పెట్టారో గానీ. సైజు తగ్గిస్తే రీస్టార్ట్ చేయాలి.

పేజ్ ఫైల్‌ను సీ డ్రైవ్‌లోనే ఉంచండి. అక్కడ లేకపోతే బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు మామూలుగా డంప్ (క్రాష్ వివరాలు దాచే ఫైల్) మిగలదు, కారణం వెతకడానికి ఆధారమే ఉండదు. సీలో చోటు చాలకపోతే ముందు హైబర్నేట్ ఫైల్ (కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచే ఫైల్) తీయండి: అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘powercfg /h off’. హైబర్నేట్‌తో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, అంతే.

ఇక ఏ పనీ చేయకపోయినా కమిటెడ్ గంటగంటకూ పెరుగుతుంటే పేజ్ ఫైల్ పెంచి లాభం లేదు. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో ‘కమిట్ సైజ్’ కాలమ్ తెచ్చుకుని, పైకి పాకుతున్న ప్రోగ్రామ్ ఏదో పట్టుకోండి.