సారె లేకుండా అంతంత మట్టి బొమ్మలా?

నైజీరియాలో దొరికిన, రెండున్నర వేల ఏళ్ల నాటి నోక్ అనే సంస్కృతి వాళ్ల మట్టి బొమ్మల్ని కుమ్మరి సారె లేకుండా ఎలా చేశారు, కళ్లలో ఆ బెజ్జాలెందుకు అని అడిగారు. మేం కుమ్మరోళ్లం. పైగా నేను మూడేళ్లు నైజీరియాలోని జోస్ ఊళ్లో ఉద్యోగం చేశాను, అక్కడి మ్యూజియానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు.

అసలు సారె ఎందుకండీ? మా పెదనాన్న పెద్ద గోలేల్ని మట్టి చుట్టల మీద చుట్టలు పేర్చే చేసేవాడు. నోక్ వాళ్లదీ అదే పని. చుట్టలతో డొల్లగా లేపి, కాస్త ఆరాక కర్ర చెక్కినట్టు చెక్కారు. ఆ జుట్టు ముడులూ, మూడు మూలల కళ్లూ చూస్తే కత్తి పనితనం తెలిసిపోతుంది. పైన నునుపుగా పూసిన పూత వేల ఏళ్లకి పోయి, ఇప్పుడు గరుకుగా కనిపిస్తాయి.

ఇక బెజ్జాలు. సెలవుల్లో ఇంటికొచ్చి గొప్పలు పోతూ నేనూ ఒక తల చేశాను. కళ్లు గీశాను గానీ పొడవలేదు, మెడ కింద కూడా మూసేశాను. కుండలు కాల్చే ఆవంలో ఢామ్మని పేలింది. పక్కనున్న రెండు కుండల్నీ తీసుకుపోయింది. పెదనాన్న పెంకులేరుతూ, "కుండకి మూతి ఉంటుంది. నీ బొమ్మకి నోరేదిరా? లోపలి ఆవిరి ఎటు పోవాలి?" అన్నాడు. రెండోసారి కళ్లు, ముక్కు, చెవులు, నోరు అన్నీ పొడిచాను. నిలబడింది. అందం కోసం పొడిచారనే పండితులు ఒక్కసారి ఆవం పేర్చి చూడాలి. ముందు అవసరం, అందం తర్వాత వచ్చింది. నేనిది ఎక్కడైనా వాదిస్తాను.

"ఇంత పని ఆఫ్రికా వాళ్లకి ఎవరు నేర్పారు" అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఎవరూ నేర్పలేదు, వాళ్లే చేసుకున్నారు. 1928లో తగరం గనుల్లో మొదటిది బయటపడింది. 1943లో ఒక తలని దుంపల చేలో దిష్టిబొమ్మగా నిలబెట్టి ఉంటే, అది బెర్నార్డ్ ఫాగ్ అనే పురావస్తు పరిశోధకుడి దగ్గరికి చేరి, అప్పుడు గానీ దాని విలువ తెలియలేదు. తెలిశాక ఇంకేముంది, దొంగలు గడ్డపారలతో దిగారు. తవ్వుకుని అమ్ముకున్న తల ఏ గుంటలో, ఏ బూడిద పక్కన ఉందో ఇక ఎవరు చెప్తారు?

నా రెండో తల ఇంట్లోనే ఉంది. మా ఆవిడ దాని చెవి బెజ్జంలో అగరుబత్తి గుచ్చుతోంది.