చెల్లె, ఇది ఒక్కదానివే మోయకు

ప్రశ్న: మాది హనుమకొండ. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను. తెలిసిన అబ్బాయే బలవంతం చేశాడు. నేను అరవలేకపోయాను. పోలీసులకు చెప్తే వీసా పోతుందా? ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు.

జవాబు: చెల్లె, వాడు మన ఊరివాడైనా, నీతో కలిసి అన్నం తిన్నవాడైనా అది లైంగిక దాడే. భయంతో ఒళ్లు కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం చాలామందికి జరుగుతుంది. అరవలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. తప్పు వాడిది.

నేను కాజీపేట నుంచి వచ్చిన కొత్తలో నా రూమ్మేట్‌కు ఇలాగే జరిగింది. తెల్లవారుజామున వచ్చి వంటగదిలో నేల మీద కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు. నాకు తోచింది చేశాను. తలస్నానం చేయించాను, బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేశాను, "ఎవరికీ చెప్పకు, పేరు పోతుంది" అన్నాను. మూడూ చేయకూడనివే. ఆ పిల్ల అమ్మతో ఫోన్‌లో "మంచిగనే ఉన్న" అనేది, పెట్టేసి గోడవైపు తిరిగి పడుకునేది. పక్క మంచం మీద నేనున్నా ఆమె ఒక్కతే అయిపోయింది. సెమిస్టర్ మధ్యలోనే వెళ్లిపోయింది. పరాయి దేశంలో ఒంటరితనం ఎట్లా తినేస్తుందో అప్పుడు చూశాను.

తర్వాత అన్నీ పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు ఇక్కడి మన అమ్మాయిలు అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేస్తారు, ఆస్పత్రిలో తోడు కూర్చుంటాను. మీ కొత్తవాళ్లు ప్రతిదీ వాట్సాప్ గ్రూపులోనే అడుగుతారు. ఇది మాత్రం అక్కడ పెట్టకు, పుకారై తిరిగొస్తుంది.

లైంగిక దాడికి గురైనవాళ్లకు సాయం చేసే రెయిన్ (RAINN) సంస్థ నడిపే హాట్‌లైన్ 800-656-4673 రాత్రీ పగలూ పలుకుతుంది. మీ దగ్గరి సహాయ కేంద్రానికి కలుపుతారు. చాలాచోట్ల ఆస్పత్రికి తోడు మనిషిని కూడా ఆ కేంద్రమే పంపుతుంది. తోడు దొరకలేదని మాత్రం ఆగిపోకు. జరిగి ఎక్కువ రోజులు కాకపోతే వెంటనే వెళ్లు. ఒంటి మీద దాడి ఆధారాలు సేకరించే పరీక్ష చాలా రాష్ట్రాల్లో 5 రోజుల దాకా చేస్తారు, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు మాత్రం 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. స్నానం చేసేసినా వెళ్లు. ఆ బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టు, ప్లాస్టిక్‌లో వద్దు. నర్సు ప్రతిదానికీ నిన్ను అడిగే చేస్తుంది, వద్దంటే ఆపేస్తుంది. ఈ పరీక్షకు నీ దగ్గర డబ్బు తీసుకోరు, పోలీసు కేసు పెట్టాలన్న షరతూ లేదు. రోజులు దాటిపోయినా డాక్టర్‌కు చూపించుకో, కౌన్సెలింగ్ ఎప్పుడైనా దొరుకుతుంది.

ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసా పోదు. చెప్పకుండా క్లాసులు మానేస్తే మాత్రం స్టూడెంట్ వీసా స్టేటస్‌కు ముప్పు. మనసు బాగాలేక కోర్సు తగ్గించుకోవాలంటే ముందే డాక్టర్ లెటర్‌తో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకో. ప్రొఫెసర్‌కు చెప్తే ఆయన యూనివర్సిటీకి తెలియజేయాల్సి రావచ్చు, క్యాంపస్ కౌన్సెలర్ మాత్రం నీ మాట గుట్టుగా ఉంచుతారు. మిగతా రూల్స్ ఇంటర్నేషనల్ ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకో.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం. కానీ ఈ రోజే ఒక్క మనిషికి చెప్పు. అక్కనో, పిన్నినో, నమ్మకమున్న స్నేహితురాలో. ఎవరూ లేరనిపిస్తే ఆ హాట్‌లైన్‌తోనే మొదలుపెట్టు, పేరు చెప్పనక్కర్లేదు.